మెరుగు మేస్త్రి, మా ఇంటి తాంబాళం

మా వీధి పెద్దలకు, మేస్త్రి ఇంటివారికి, ఆయన చేత ఒక్క చెంబుకైనా మెరుగు పెట్టించుకున్న ప్రతి ఒక్కరికీ నమస్కారాలు.

ఈ లేఖకు పైన తేదీ గానీ, స్థలం గానీ వేయలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లేఖారచన నేర్పినవాణ్ణి కనుక మరచిపోయానని ఎవరూ అనుకోరాదు. దీనిని నేను రాయవలసిన రోజు వేరే ఉండింది. అది ఎప్పుడో దాటిపోయింది. ఇవాళ్టి తేదీ వేసి, సకాలంలో రాసినట్లు కనిపించడానికి నాకు మనసొప్పలేదు.

శుక్రవారం ఉదయం మా కోడలు కాఫీ గ్లాసు నా మంచం పక్కన స్టూలు మీద పెట్టి, గ్లాసు మీదనుండి చేయి తీయకుండానే, "మామా, మేస్త్రి తాత పోయినాడంట" అన్నది.

"ఎప్పుడు?"

"తెల్లారి నమాజుకు లేపుదామని పోతే లేయలేదంట."

అంతే చెప్పి కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఏడుస్తున్నదని వీపు చూస్తేనే తెలుస్తున్నది. ఇంటి పెద్దగా నేను ఓదార్చవలసింది. కాఫీ గ్లాసు అందుకొన్నాను. రెండేళ్ళ క్రితం ఆ అమ్మాయికి నేనొక అన్యాయం చేశాను. ఆ సంగతి నాకు, మేస్త్రికి మాత్రమే తెలుసు. ఇప్పుడు నాకొక్కడికే తెలుసు.

మేస్త్రిని తలచుకోవడానికి మీరు కూడుతున్నారు. కాలి మడమ విరిగి కట్టుతో మంచం మీద ఉన్నందువల్ల నేను రాలేను. అందుకే ఈ కాగితం. ముందు ఆయన గురించి చెబుతాను. నా గురించి చెప్పవలసినది ఆయన గురించి చెబుతూండగా దానంతట అదే వస్తుంది.

మా కల్లూరులో ఈ వీధి కొత్తది. మేము ఇల్లు కట్టుకొని వచ్చేటప్పటికి చివరన పిండిమర, దాని పక్కన మేస్త్రి రేకుల షెడ్డు, అంతకు మించి ఏమీ లేవు. అంతకు ముందు ఆయన కర్నూలు పాతూర్లో తండ్రి దగ్గర ఈ పని నేర్చుకొని, అక్కడే సగం జీవితం గడిపారు. షెడ్డులో ఒక మోటారు, దానికి బిగించిన గుడ్డ చక్రం, ఒక నీళ్ళ తొట్టి, గోడకు మేకు. ఆ మేకుకు ఎప్పుడూ ఒక తెల్లని జుబ్బా వేలాడుతుండేది. పని చేసేటప్పుడు ముక్కుకు తడి తువ్వాలు కట్టుకొనేవారు. చక్రం నుండి లేచే నల్లని దుమ్ము ఆయన కనుబొమలను, చెవులను, మెడను కప్పేసేది. సాయంత్రం తొట్టి దగ్గర కూర్చొని గంటసేపు ఒళ్ళు కడుక్కొని, ఆ జుబ్బా వేసుకొని గానీ వీధిలోకి వచ్చేవారు కారు. "పని నల్లగుంటే ఉండనీ అయివారూ. మనిషి నల్లగ ఇంటికి పోకూడదు" అని బడిపంతులునైన నాతో అనేవారు.

పిండిమర నడిపే ఆమెకూ ఆయనకూ రోజూ ఒక విడత మాటల యుద్ధం జరగవలసిందే.

"ఏమప్పా మేస్త్రీ, ఊర్లో గిన్నెలన్నీ తళతళలాడతాండాయి. నీ ముఖం మాత్రం పెనం అడుగు మాదిరి ఉండాది."

"నీ ముఖానికి పిండి, నా ముఖానికి మసి. పక్కపక్కన కూర్చుంటే చదరంగం పలకమ్మా మనం. ఎవరన్నా వచ్చి ఆడుకొని పోతారు."

నేను ఆయన మాటను దిద్దబోయి భంగపడిన సందర్భం కూడా ఒకటి ఉంది. 'ఉండాది' అనరాదని, 'ఉంది' అనాలని చెప్పాను. ఆయన చక్రం ఆపి శ్రద్ధగా విన్నారు. తరువాత, "మీరు 'ఉంది' అంటే ఉన్నట్టు అయివారూ. నేను 'ఉండాది' అంటే ఇంకొంచెం గట్టిగ ఉన్నట్టు" అని మళ్ళీ చక్రం తిప్పారు. ఆ తరువాత నేను ఆయన భాష జోలికి పోలేదు.

పీర్ల పండుగకు ముందు పది రోజులు ఆయన ఇళ్ళ గిన్నెలు తీసుకొనేవారు కారు. చక్రానికి కొత్త గుడ్డ తానే కుట్టి, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు తలమీద పెట్టుకొని తెచ్చే ఇత్తడి పీర్లకే ఆ రోజులు ఇచ్చేవారు. పండుగ ముగిసిన మరునాడు దీపపు సెమ్మెలు, బిందెలు, చెంబులు వరుసలో నిలబడేవి. మా ఆత్మకూరు బంధువులు సైతం గోనెసంచిలో గంగాళం వేసుకొని బస్సెక్కి వచ్చేవారు. అందరికీ ఒకటే మాట: "గీతలు ఉండాయా, మాపు ఉండాదా, ముందు అది చెప్పండి. మాపు అయితే మధ్యాన్నానికి ఇస్తా. గీతలు అయితే నన్ను తొందర చేయగాకండి."

ఆ తేడా ఏమిటో నాకు మా తాంబాళం వల్ల తెలిసింది.

అది మా ఆవిడ తన పుట్టింటినుండి తెచ్చుకొన్న పెద్ద ఇత్తడి పళ్ళెం. ఆమె పోయిన ఏడాదికి సంవత్సరీకం పెట్టిన రోజు, వచ్చినవారికి తాంబూలం ఇవ్వడానికని మా కోడలు దానిని చింతపండుతో, స్టీలు పీచుతో తోమి తెచ్చింది. అప్పటికి ఆమె మా ఇంటికి వచ్చి ఎనిమిది నెలలు. కడప జిల్లాలో మగ్గాల ఊరి పిల్ల. ఆ రోజు ఆమె తండ్రి కూడా వచ్చి ఉన్నారు. నేత నేసేవారు, మితభాషి.

ముంగిట్లో ఎండ పడుతున్నది. తాంబాళాన్ని అరుగు మీద పెట్టగానే దాని నిండా గీతలు కనిపించాయి. అడ్డంగా, వంపుగా, ఒకదాని మీద ఒకటి. నాకు మా ఆవిడ ముఖం మీద ఎవరో గీసినట్లు అనిపించింది. బంధువులందరి ఎదుట, బడిలో వెనుక బెంచీ దాకా వినిపించే ఆ పాత గొంతుతో అన్నాను: "ఇత్తడి ఎట్లా తోమాలో మీ ఇంట్లో ఎవరూ నేర్పలేదా? చేతిలో ఇత్తడి చెంబు పట్టి ఎరుగని కొంపనుండి వస్తే ఇట్లాగే ఉంటుంది."

అప్పటికే విస్తళ్ళు వేశారు. ఆమె తండ్రి ముందు అన్నం, పప్పు వడ్డించి ఉన్నాయి. ఆయన చేయి కలపలేదు. మెల్లగా లేచి నా దగ్గరకు వచ్చి, "బిడ్డ తప్పు చేసింటే నన్ను మన్నించండి. నేర్పాల్సింది మేమే" అన్నారు. "బస్సుకు టైమయితాండాది" అని చెప్పి చెప్పులు తొడుక్కొన్నారు. వడ్డించిన విస్తరి ముందునుండి ఒక మనిషి లేచిపోవడం మన సీమలో ఎంతటి మాటో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రోజు మొదలుకొని ఆయన మా గడప తొక్కలేదు. కూతురే పండుగలకు వెళ్ళి చూసి వచ్చేది. నా కొడుకు ఒకసారి, "నాయనా, అది తప్పు మాట" అన్నాడు. నేను వాడి నోరు కూడా మూయించాను.

మరునాడే తాంబాళాన్ని షెడ్డుకు తీసుకుపోయాను. మేస్త్రి దానిని వెలుతురుకు వాల్చి, అటు తిప్పి, ఇటు తిప్పి, బొటనవేలి గోటిని గీతల మీద నెమ్మదిగా నడిపించారు.

"ఎవరు తోమినారు?"

"మా కోడలు. స్టీలు పీచుతో. అద్దం మాదిరి కావాలి మేస్త్రీ. ఒక్క గీత మిగలరాదు."

ఆయన మరొకసారి గోరు నడిపించారు. "నాలుగు దినాలు పడ్తాది" అన్నారు. పని దగ్గర కూర్చుంటానన్నాను. "కూర్చోండి. పాఠం మాత్రం చెప్పగాకండి" అన్నారు.

ఆ రోజులే నాకు ఆయన అసలు పరిచయం. చక్రం పని చివరిదని నాకప్పుడు తెలిసింది. మొదట గరుకు ఉప్పు కాగితాన్ని నీళ్ళలో తడిపి నిలువుగా రుద్దేవారు. పళ్ళెమంతా సన్నని నిలువు చారలు పడేవి. తరువాత దానికంటె నున్నని కాగితంతో అడ్డంగా. నిలువు చార ఒక్కటి కనిపించినా తరువాతి కాగితం ముట్టేవారు కారు. మళ్ళీ ఇంకా నున్ననిది, మళ్ళీ నిలువుగా. చూచి చూచి నాకే విసుగు పుట్టి, ఇక చక్రానికి పెట్టవచ్చు కదా అన్నాను.

"ఇప్పుడు చక్రానికి పెడితే పళ్ళెంతో పాటు గీత గూడా మెరుస్తాది అయివారూ. మెరిసే గీత శానా అసయ్యం."

మూడవ రోజు మధ్యాహ్నం ఆయన పని ఆపి, పిండిమర పక్కనుండి రెండు టీలు తెప్పించారు. నేను గ్లాసు అందుకొని తాగుతుంటే నా చేతివైపే చూస్తున్నారు.

"మీది ఎడమ చేతి వాటమా?"

"చిన్నప్పటినుండీ. సుద్దముక్క కూడా ఎడమ చేత్తోనే పట్టేవాణ్ణి."

ఆయన తాంబాళాన్ని నా ఒడిలో పెట్టారు. సగం భాగం నున్నగా మారింది. మిగతా సగంలో కొన్ని గీతలు మాత్రం కదలలేదు.

"పీచు గీతలు వెంట్రుక మాదిరి ఉంటాయి. మొన్న మొదటి కాగితానికే పోయినాయి. ఇవి ఇసుక గీతలు. పాతవి. చూడండి, అన్నీ ఇట్ల ఎడమకు వంగుతాండాయి. కుడి చేత్తో తోమితే అట్ల వంగవు. ఇంట్లో ఇసుకతో తోమేది ఎవరు?"

మా అమ్మ తుంగభద్ర ఇసుకతో తోమేది. ఏటి ఇసుక తగిలితేనే ఇత్తడికి శుద్ధి అని ఆమె నమ్మకం. అది నాకు వారసత్వంగా వచ్చింది. ప్రతి ఉగాదికి ముందు ఏటి ఒడ్డునుండి ఒక సంచి ఇసుక తెచ్చి, పెరట్లో గొంతుక్కూర్చొని ఆ తాంబాళాన్ని నేనే తోమేవాణ్ణి. దానిని మరొకరికి వదిలేవాణ్ణి కాను. "ఇసుక వద్దు, చింతపండు చాలు" అని మా ఆవిడ ఎన్ని ఏళ్ళు చెప్పిందో. తడి ఆరకముందే తీసుకుపోయి దేవుడి గదిలో మూలన పెట్టేవాణ్ణి. అక్కడ దీపం వెలుగే గానీ ఎండ లేదు. దీపాల జిడ్డు, ఆమె మంచం పట్టిన రెండేళ్ళ చిలుము ఆ గీతలను కప్పి ఉంచాయి. మా కోడలు చేసినదల్లా ఆ చిలుము వదలగొట్టి, పళ్ళేన్ని ఎండలో పెట్టడం.

టీ తాగడం అయ్యాక ఆయన నా ఒడిలోనుండి పళ్ళెం తీసుకొన్నారు.

"పోతాయా?" అని అడిగాను.

"పోతాయి. గీత పైకి రాదు అయివారూ. దాన్ని పూడ్చే మందు లేదు. మిగతా పళ్ళెమంతా దానికాడికి దిగాల. అంతే దారి."

ఆయన లోహం గురించే చెప్పారు. ఉపమానాలు చెప్పే అలవాటు ఆయనకు లేదు. గరుకు కాగితం తడిపి మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టారు. నేను లేచి వస్తుంటే తల ఎత్తకుండా, "నేను ఎవురికీ చెప్పను. చెప్పేది మీరు" అన్నారు.

నాలుగు రోజుల పని ఏడు రోజులు పట్టింది. గుడ్డ చక్రానికి పచ్చని పాలిష్ సబ్బు పట్టించి, చివరగా శనగపిండితో జిడ్డు తుడిచి, పాత నూలు చీర ముక్కతో ఒత్తి, నన్ను పిలిచారు. కానీ నా చేతికి ఇవ్వలేదు. దానిని తన గుండెకు ఆనించి, మెరిసే వైపు బయటికి ఉంచి పట్టుకొన్నారు. ఇది ఆయన పద్ధతి. మెరుగు ముగిసిన పాత్రలో తన ముఖం చూసుకొనేవారు కారు. రోజూ దానిని పట్టే మనిషి ముఖమే అందులో మొదట పడాలి. ఆ మనిషి రానిదే ఇచ్చేవారు కారు. ఆయన చేత పని చేయించుకొన్న ఆడవారందరికీ ఈ సంగతి తెలుసు.

"దీన్ని పట్టేది ఎవురు? ఆ పాపను పిల్చుకొని రాండి."

నేను ఇంటికి వచ్చి, "మేస్త్రి నిన్ను రమ్మంటున్నాడు" అన్నాను. ఆ వారంలో నేను ఆమెతో అన్న మొదటి మాట అదే. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకొంటూ నా వెనుకే వచ్చింది. మేస్త్రి తాంబాళం ఎత్తి పట్టారు. అది పళ్ళెంలాగ లేదు. వీధి గోడ, కరెంటు తీగలు, తీగమీది కాకి, అన్నీ అందులో నిలబడ్డాయి. మధ్యలో ఆమె ముఖం. ఆమె భుజం వెనుక నా ముఖం.

ఆమె నవ్వలేదు. నుదుట బొట్టు కొంచెం పక్కకు జరిగి ఉంటే వేలితో సరిచేసుకొని, "తాతా, నేను గీసిన గీతలు శానా లోతుగ ఉన్నాయా?" అని అడిగింది.

"నీవి మొదటి కాగితానికే పోయినాయి పాపా" అన్నారు మేస్త్రి.

ఆయన అబద్ధమాడలేదు. నన్ను పట్టించనూ లేదు. పళ్ళెం అంచు మీదుగా నా కళ్ళలోకి ఒక్కసారి చూశారు. చెప్పడానికి అంతకంటె మంచి క్షణం నాకు దొరకదు. నేను గొంతు సవరించుకొని, "వేళైంది, పద" అన్నాను.

ఆ తరువాత ఎన్నో ముహూర్తాలు పెట్టుకొన్నాను. ఉగాదినాడు చెబుదామనుకొన్నాను. ఆమె తండ్రి వస్తే ఇద్దరికీ కలిపి చెబుదామనుకొన్నాను. ఆయన రాలేదు, నేను పిలవలేదు. తప్పు చేసిన పిల్లవాడిని లేచి నిలబడి ఒప్పుకొమ్మని ముప్పై నాలుగేళ్ళు అడిగినవాడికి, తన ఇంట్లో కుర్చీలోనుండి లేవడం చేతకాలేదు.

ఆ అమ్మాయికి మాత్రం మేస్త్రి చేరువయ్యారు. మజ్జిగ చేస్తే ఒక చెంబు షెడ్డుకు పోయేది. రంజాన్ నాడు ఆయన ఇంటినుండి సేమియా పాయసం గిన్నె మొదట మా ఇంటికే వచ్చేది. ఆయన దగ్గు ముదిరినప్పుడు, ముక్కుకు కట్టుకొనే తువ్వాలు పలచనైనదని, తన పుట్టింటి మగ్గం మీద నేసిన మందపాటి నూలుగుడ్డను నాలుగు మడతలు వేసి కుట్టి ఇచ్చింది. "పాప వాళ్ళ నాయిన నేసిందంట. ఈ పోగు చూడండి అయివారూ, యాడన్నా ఒక్క తెగు ఉండాదేమో" అని ఆయన దానిని నాకు చూపించారు. నేను తల ఊపాను.

ఈ రెండేళ్ళలో ఆయన నన్ను మూడుసార్లే అడిగారు. మొదటి రెండుసార్లు, "చెప్పినారా?" అని. నేను లేదంటే, "సరే" అని పనిలోకి వెళ్ళిపోయేవారు. మూడవసారి పోయిన నెలలో. నా కాలు విరిగిందని తెలిసి, తెల్లని జుబ్బాతో వచ్చి ఈ మంచం పక్కనే కూర్చొన్నారు. రెండు మాటలకొకసారి దగ్గు. మా కోడలు వంటింట్లో ఉన్నది.

"చెప్పినారా?"

"లేదు మేస్త్రీ."

"నేను ఇంక శానా దినాలు ఉండను. నేను పోతే ఆ సంగతి తెలిసినోళ్ళు మీరొక్కరే మిగుల్తారు. ఒక్కరికే తెలిసిన తప్పు తొందరగ మాసిపోతాది అయివారూ. మాసిపోతే మళ్ళ ఆ పాప మీదనే ఉంటాది."

నేను ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టి, "ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం. నాకు తెలుసు గదా" అని నవ్వారు. పోయేటప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "పోయొస్తా పాపా" అన్నారు. నేను ఆయనను చూడడం అదే చివరిసారి.

కనుక, అయ్యలారా, అమ్మలారా, చెబుతున్నాను. మా తాంబాళం మీది గీతలు నావి. మా కోడలివి కావు. ఆమె పుట్టింటిని నేనన్న మాట అన్యాయమైన మాట. తన విస్తరి ముందునుండి లేచిన ఆ పెద్దమనిషి చెప్పవలసిన క్షమాపణ కాదది. నేను ఆయనకు చెప్పవలసినది. ఇప్పుడు చెబుతున్నాను.

ఇంట్లో, నలుగురూ లేనప్పుడు, ఆమెకు మెల్లగా చెప్పి ఊరుకోవచ్చు. ఈ రెండు రోజులు ఆ ఆలోచన కూడా చేశాను. కానీ నేను ఆ మాట అన్నది మెల్లగా కాదు. నలుగురూ లేనప్పుడు కాదు. అందుకే ఈ లేఖ మీకు పంపుతున్నాను.

నిన్న ఆమె తండ్రికి ఫోను చేశాను. మేస్త్రి పోయారని, ఇవాళ షెడ్డు దగ్గర అందరూ కూడుతున్నారని, తమరు రావాలని కోరాను. అవతల మగ్గం చప్పుడు వినిపించి, ఆగింది. "ఎన్నింటికి?" అన్నారు. నాలుగున్నరకు అన్నాను. వస్తానని అనలేదు. రాననీ అనలేదు.

మీకు నా మనవి ఇది, కవరు మీద కూడా రాశాను. కడప బస్సు నాలుగు దాటాక గానీ కర్నూలు చేరదు. అక్కడనుండి షేర్ ఆటోకు మరికొంతసేపు. ఐదింటి దాకా ఆగండి. బక్కపలచని మనిషి, తెల్లని పంచె, చంకలో గుడ్డసంచి, వీధి మొదట్లో ఆటో దిగి ఇల్లు తెలియనివాడిలాగ నిలబడితే, ఎవరైనా ఎదురు వెళ్ళి తీసుకొని రండి. ముందు వరుసలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వండి. అప్పుడు ఈ కాగితం విప్పండి. చదవమని మా కోడలికి ఇవ్వకండి. ఆమె వినవలసిన మనిషి. స్పష్టంగా చదివేవారెవరైనా లేచి నిలబడి, ఎక్కడా మింగకుండా, నా మంచం పక్కన తెరచి ఉన్న కిటికీ దాకా వినిపించేటట్లు, గట్టిగా చదవండి.